గుంటూరు దాకా పోయి వచ్చిన బండలు

నరసరావుపేటలో మా ఇల్లు రోడ్డు పక్కనే. ఎదురుగా బడి ఉండటంతో, మా ఇంటి ముందు స్పీడ్ బ్రేకర్ వేశారు. లోడుతో వెళ్ళే లారీలు దాన్ని ఎక్కి దిగినా నాకు పట్టదు. అవి మూలుగుతూ వస్తాయి, మూలుగుతూ పోతాయి. ఖాళీ బండి వస్తేనే నాకు కష్టం. పొద్దున్నే కాఫీ తాగుతుంటానా, ఏ చిన్న ట్రక్కో సరుకు దించేసి హుషారుగా వచ్చి ఆ గట్టు మీద ఎగిరి పడుతుంది. వెనక తొట్టి తలుపు దడేలుమంటుంది, గొలుసులు గలగలమంటాయి. నా చేతిలో గ్లాసు ఆగిపోతుంది. వెన్నులో ఎవరో సూది దింపినట్టు ఉంటుంది. మా ఆవిడ చూసి, "ఇంకా ఆ బండిలోనే ఉన్నారా మీరు?" అంటుంది. నవ్వుతూనే అంటుంది కానీ, ఎక్కువ సేపు నవ్వదు. ఎందుకో ఆమెకు తెలుసు. మీకు తెలియదు కనుక చెబుతాను.

నన్ను డ్రైవర్ని చేసినాయన పేరయ్య బాబాయ్. చుట్టమేమీ కాదు. నేను పుట్టిన ఊళ్ళో మా వీధి చివర ఇల్లు, అందుకని బాబాయ్. దాచేపల్లికి అవతల ఆయనకో చిన్న నాపరాయి క్వారీ ఉండేది. పెద్ద కంపెనీల పక్కన అది ఏ మూలకీ రాదు. అయినా మా ఊళ్ళో పాతిక కుటుంబాలు దాని మీదే బతికేవి. నేను డిగ్రీ తప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ తప్పి, అరుగు మీద కూర్చుని ఊరందరికీ సలహాలిస్తున్న రోజులవి. సమితులు పోయి మండలాలు వచ్చిన కొత్త. మా అమ్మ వెళ్ళి మొరపెట్టుకుంటే, బాబాయ్ నన్ను పిలిచి ఎగాదిగా చూశాడు. నల్లగా, ఎముకలు పెద్దవిగా, తక్కువ మాటల మనిషి. "స్టీరింగు పట్టుకోవటం వచ్చా?" అన్నాడు. ట్రాక్టరు తోలానని గొప్పగా చెప్పాను. "అయితే రేపు పొద్దున రా" అన్నాడు.

మర్నాడు వెళితే స్టీరింగు ఇవ్వలేదు. తన పాత లారీ వెనక ఎక్కమన్నాడు. కింద బండల లోడు, దాని మీద కూలోళ్ళు, వాళ్ళ మధ్య ఇస్త్రీ చొక్కాతో నేను. ఆయనే తోలాడు. క్వారీ నుంచి నడికుడి రైల్వే స్టేషను దాకా, అక్కణ్ణుంచి వెనక్కి, రోజంతా అదే పని. సాయంత్రం దిగేసరికి నా నడుం నాది కాదు. నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ దిగాను. ఆయన బీడీ వెలిగించుకుని, "యాడాడ తిట్టుకున్నావో గుర్తుందా?" అన్నాడు. ఎందుకు లేదన్నాను, చింతచెట్ల మలుపులో, కాలవ కల్వర్టు మీద, స్టేషను వాలులో. "ఆడ నువ్వు మెల్లగా పోవాల. ఇక రేపట్నుంచి తోలుకో" అన్నాడు. అంతే నాకు జరిగిన శిక్షణ. తరవాత ఎంతోమంది దగ్గర పనిచేశాను, నేనూ కొందరికి నేర్పాను. ఇంత తక్కువ మాటల్లో ఇంత బాగా చెప్పినవాళ్ళను మళ్ళీ చూడలేదు.

ఆయన భార్య నాగరత్నమ్మ పిన్ని. ఊరందరికీ నాగరత్తమ్మ. ఆయన ఎంత తక్కువ మాట్లాడతాడో ఈమె అంత ఎక్కువ. పిల్లలు లేరు. ఆ లోటు తెలియకుండా క్వారీకి వెళ్ళే ప్రతివాణ్ణీ నిలేసి, ఏం కూర తెచ్చుకున్నావు, మీ అత్త ఎట్టా ఉంది, ఆ చొక్కా ఉతికి ఎన్నాళ్ళయింది అని ఆరా తీసేది. ఆమె నోటికి జడిసి నేను రోజూ గడ్డం గీసుకునేవాణ్ణి. అలాంటి మనిషి ఆ ఏడాది ఎండాకాలం నుంచి వాకిట్లోకి రావడం తగ్గించింది. గర్భసంచిలో జబ్బు అన్నారు. గుంటూరులో కరెంటు పెట్టించారు, అదే రేడియేషన్. తగ్గిందనుకున్నాం. శ్రావణం వచ్చేసరికి అది వెన్నులోకి పాకింది. కూర్చోలేదు, పడుకుంటేనే కాస్త నయం. వారం వారం గుంటూరు తీసుకొచ్చి మందు ఎక్కించుకుపొమ్మన్నారు డాక్టర్లు. అక్కడే ఉండిపొమ్మంటే, "నా ఇంట్లో నా మంచం మీద పడుకోవాల. అది ఒక్కటీ కాదనమాక" అని భర్తను అడిగింది. ఆయన కాదనలేదు.

సరిగ్గా అప్పుడే పాత లారీ ఇంజను కాలం చేసింది. బాగు చేయించే స్థితి దాటిపోయిందని మేస్త్రీ చేతులెత్తేశాడు. అంటే ఇప్పుడు కొనబోయే బండి ఒక్కటే అన్ని పనులూ చేయాలి. పొద్దున కూలోళ్ళను క్వారీకి చేర్చాలి, పగలు రాయి మోయాలి, వారానికొక రోజు పిన్నిని గుంటూరు తీసుకుపోవాలి. రెండు బండ్లు కొనే స్తోమత లేదు. క్వారీ ఆగితే మందులూ ఆగుతాయి. బాడుగ కారు ఒకసారి మాట్లాడి చూశాం. అందులో కాళ్ళు చాపుకునే వీల్లేక, వచ్చేటప్పుడు పిన్ని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

బండి కొనడమంటే మా వైపు పెళ్ళి సంబంధం చూసినంత పని. ఎవరికి వాళ్ళు పెద్దమనుషులే. బాబాయ్ వాళ్ళ అరుగు మీద వారం రోజులు అదే చర్చ. అందరికన్నా గట్టిగా మాట్లాడింది పిన్ని తమ్ముడు అంకయ్య మామ. మాగాణీ ఉన్న రైతు, ఎప్పుడూ తెల్ల పంచె, తెల్ల చొక్కా, సర్పంచి కుర్చీ మీద కన్ను. ఆయన జీపు కొనమన్నాడు.

"జీపయితే దర్జాగా ఉంటది బావా. వెనక ట్రాలీ తగిలిస్తే రాయీ పోద్ది. ఎలక్షన్లో నాకూ పనికొస్తది."

"నీ ఎలక్షను కోసం నన్ను కొనమంటావా?" అన్నాడు బాబాయ్.

నేను మాత్రం అప్పుడప్పుడే కొత్తగా వస్తున్న చిన్న లారీల మీద మనసు పడ్డాను. మెత్తటి సీటు, తేలికైన స్టీరింగు. వాటి కాగితం బొమ్మ ఒకటి సంపాదించి జేబులో పెట్టుకు తిరిగాను. కానీ వాటిల్లో ముందు ముగ్గురికే చోటు. పిన్ని పడుకునేదెక్కడ? చివరికి బాబాయ్ పికప్పు అన్నాడు. ముందు డ్రైవరు వరస, దాని వెనక ఇంకో వరస, ఆ వెనక ఇనప తొట్టి. రెండో వరస సీటు తీయించి చెక్క బల్ల వేస్తే, గుంటూరు వెళ్ళే రోజు దాని మీద పరుపు పరవచ్చు, మిగతా రోజుల్లో కూలోళ్ళు కూర్చోవచ్చు. వింటే అందరికీ సబబుగానే ఉంది. అంకయ్య మామ మాత్రం అలిగి రెండు రోజులు రాలేదు.

గుంటూరులో బండి చూడటానికి నలుగురం వెళ్ళాం. అమ్మే అబ్బాయి టై కట్టుకుని ఇంజను గురించి ఏదో చెబుతున్నాడు. బాబాయ్ అతని మాట వినకుండా వెనక తొట్టి అంచు మీదికి ఎక్కి, ఉన్నపళంగా ఎగిరి తొట్టిలోకి దూకాడు. మళ్ళీ ఎక్కి మళ్ళీ దూకాడు. మమ్మల్నీ దూకమన్నాడు. రాళ్ళ వ్యాపారం చేసేవాళ్ళు బండిని చూసే పద్ధతి అదే. చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలు ఎంత వంగుతాయో చూస్తారు. ఎంత తక్కువ వంగితే అంత మంచి బండి. మొదటి బండి వంగింది, వద్దన్నాడు. రెండోది ఊగింది, వద్దన్నాడు. మూడోది నలుగురం కలిసి దూకినా బండరాయిలా నిలబడింది. బాబాయ్ ముఖం విప్పారింది. "ఇది మోస్తది" అన్నాడు.

అంతటితో ఆగామా, ఆగలేదు. ఇంటికి తేకుండానే నరసరావుపేట షెడ్డుకి తోలుకొచ్చి, కమాన్లకు అదనంగా ఒక్కో పట్టీ వేయించాం. రాయి మోసే బండికి కొత్తలోనే అదనపు పట్టీ వేయించడం మా దగ్గర అందరూ చేసే పని. కొత్త కోడలికి మెట్టెలు తొడిగినంత మామూలుగా చేస్తారు. ఎందుకని ఎవరూ అడగరు. మేమూ అడగలేదు. పిన్ని కోసం పరుపు మెత్తగా ఉండాలని దూది ఏకించాం, తలగడకు కొత్త గలీబు కుట్టించాం. అన్నీ ఆలోచించామనే అనుకున్నాం. ఖాళీగా ఉన్నప్పుడు ఆ బండి ఎట్లా నడుస్తుందన్నది మాత్రం, అంతమంది మగవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

మొదటి ప్రయాణం బుధవారం. పిన్నిని నలుగురు ఆడవాళ్ళు పట్టుకుని పరుపు మీద పడుకోబెట్టారు. పసుపు రంగు చీర కట్టుకుంది. "కొత్త బండిలో మొదటి బేరం నేనే" అని నవ్వింది. పిడుగురాళ్ళ దాటేదాకా కబుర్లు చెబుతూనే ఉంది. తరవాత మాట తగ్గింది. తొట్టి ఖాళీ. కమాన్లు కడ్డీల్లా బిగుసుకుని ఉన్నాయి. చిన్న గుంట వచ్చినా వెనక చక్రాలు ఎగిరి పడుతున్నాయి. నేను ఎంత మెల్లగా తోలినా అంతే. అప్పటి రోడ్లేమీ అద్దంలా లేవు. సత్తెనపల్లి దగ్గర పడుతుండగా వెనక నుంచి గొంతు వినిపించింది. "ఒక్క నిమిషం ఆపు నాయనా."

ఆపి వెనక్కి తిరిగి చూశాను. పైట కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. అరవకుండా ఉండటానికి పళ్ళతో పట్టి పట్టి, కొంగు చిరిగింది. పెదవి మీద రక్తం. నా పక్కన కూర్చున్న బాబాయ్ దిగి వెళ్ళి, ఆ కొంగు మెల్లగా బయటికి తీసి, తన కండువా తడిపి తుడిచాడు. "చెప్పొద్దూ?" అన్నాడు. "కొత్త బండి కదా. ముచ్చట పడి కొనుక్కున్నావ్" అంది పిన్ని. నాకు ఆయన ముఖం వైపు చూసే ధైర్యం లేకపోయింది.

ఎట్లాగో వెళ్ళి వచ్చాం. మర్నాడు పొద్దున బాబాయ్ నన్ను పిలిచి, "పిడుగురాళ్ళ దాకా పోయొద్దాం పా" అన్నాడు. ముందు సీట్లో ఎక్కుతాడనుకున్నాను. వెనక తలుపు తీసి, పరుపు తీసి అవతల పెట్టి, ఆ చెక్క బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. "నిన్న ఎట్టా తోలావో అట్టనే తోలు" అన్నాడు. తోలాను. పిడుగురాళ్ళ దాకా పోయి వెనక్కి వచ్చాం. క్వారీ దగ్గర ఆపితే దిగి, తలుపు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"నిన్ను ఎక్కించి తిప్పా గదా రా, కూచుంటేగాని తెలవదని," అన్నాడు చివరికి. "నేను కూచోకుండానే కొన్నా."

"అదనపు పట్టీ తీయించేద్దాం బాబాయ్" అన్నాను.

"తీయిస్తే ఈ బాటలో లోడుకి తట్టుకోదు. కమాను విరిగి కూచుంటది. క్వారీ ఆగిద్ది. అది ఆగితే ఆమెని గుంటూరు ఎట్టా తీస్కపోతా?"

ఎటు తిరిగినా గోడే. ఆ వారమంతా ఆయన అన్నం సరిగ్గా తినలేదు. పరుపు మీద పరుపు వేశాం. గడ్డి పరిచాం. టైర్లలో గాలి తగ్గించి చూశాం. ఏదీ లాభం లేకపోయింది.

ఆ తరవాతి వారం ఒక తమాషా జరిగింది. తమాషా అనకూడదు గానీ, అప్పుడు మాకు అట్లాగే అనిపించింది. ముందు రోజు సత్తెనపల్లిలో ఒకాయన ఇంటికి బండలు తోలాం. ఇంటికి తాళం, మనిషి లేడు. వేరే చోట దించగా మిగిలిన ఆయన సగం లోడు వెనక్కి తెచ్చుకున్నాం. దించుకోవడానికి ముఠావాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. పొద్దున్నే గుంటూరు ప్రయాణం. సరే, దారిలో ఆ పెద్దమనిషి ఇంట్లో ఉంటే దించేద్దామని, బండలతోనే బయల్దేరాం. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల పొగ దాటాం. నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను, కొంగు నోట్లోకి పోతుందేమోనని. పిన్ని కళ్ళు తెరిచి, కిటికీలోంచి ఆకాశం చూస్తోంది.

"రోడ్డేశారా ఏంది? ఇయ్యాల చానా నయంగా ఉంది" అంది.

బాబాయ్ చప్పున నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. రోడ్డు ఎప్పటి రోడ్డే. గుంటలు ఎప్పటి గుంటలే. వెనక ఉన్న బండల బరువుకి కమాన్లు దిగి కూర్చున్నాయి, అందుకని బండి ఎగరడం లేదు. రోజూ లోడు తోలే మనుషులం, ఈ సంగతి మా ఒంటికి తెలిసిందే. ఖాళీ బండి ఎగురుతుంది, లోడు బండి ఒదిగి పోతుంది. తెలిసిందే అయినా పనికొచ్చే చోట గుర్తు రాలేదు.

"ఆ. మొన్న మట్టి పోసి తొక్కించారు" అన్నాడు బాబాయ్.

సత్తెనపల్లిలో ఆ పెద్దమనిషి ఇంట్లోనే ఉన్నాడు, వాకిట్లో నిలబడి చెయ్యి ఊపాడు. మేము ఆపలేదు. ఆ బండలు గుంటూరు వెళ్ళి, ఆసుపత్రి చెట్ల కింద సాయంత్రం దాకా నిలబడి, పిన్నితో పాటు తిరిగి మా ఊరు వచ్చాయి. ఆ రోజు నుంచి ప్రతి ప్రయాణానికీ అంతే. వాటిని అమ్మకూడదన్నాడు బాబాయ్. క్వారీ గుడిసె వెనక విడిగా పెట్టించాడు. ఎంత ఉంటే బండి ఒదుగుతుందో, ఎంత మించితే ఇంజను రొప్పుతుందో, తను ఆ బల్ల మీద పడుకుని నాతో తోలించి తేల్చుకున్నాడు. బండకూ బండకూ మధ్య వరిగడ్డి పెట్టించాడు, చప్పుడు రాకుండా. దగ్గరుండి తనే పేర్చేవాడు.

ఊరు ఊరుకుంటుందా? పేరయ్య పెళ్ళాన్ని ఆసుపత్రికి తీసుకుపోతూ కూడా రాళ్ళ బేరం మానలేదన్నారు. చావుబతుకుల్లో ఉన్న మనిషి పక్కన వ్యాపారమా అన్నారు. కల్లు దుకాణం దగ్గర ఈ మాట అన్నవాడి చొక్కా నేను పట్టుకున్నాను కూడా. బాబాయ్‌కి తెలిసి నన్నే చీవాట్లు పెట్టాడు. అందరికన్నా ఘోరంగా అన్నది అంకయ్య మామ. ఒక బుధవారం పొద్దున పిన్నిని ఇంకా బయటికి తేలేదు, నేను బండి తుడుస్తున్నాను. వాకిట్లోకి వచ్చి తొట్టిలో బండలు చూశాడు. ముఖం ఎర్రబడింది.

"ఏం మనిషివి బావా నువ్వు? మా అక్క బాధ పడతా పడుకునుంటే వెనక రాయేసుకుని పోతావా? అంత కక్కుర్తా నీకు?"

బాబాయ్ తాడు బిగించుకుంటూ ఉన్నాడు. తలెత్తలేదు.

"మాట్లాడవేంది? మా అక్క పోయినాక ఈ రాళ్ళే వండుకు తింటావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మామా, నీకు తెలవదు, ఆ రాళ్ళు..." అంటూ ముందుకు వెళ్ళాను. బాబాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నాడు. అంకయ్య మామ ఉమ్మేసి వెళ్ళిపోయాడు. అక్కను చూడకుండానే వెళ్ళిపోయాడు.

"ఎందుకు చెప్పనియ్యలా బాబాయ్?" అని అడిగాను. నాకు ఏడుపు ఆగడం లేదు.

"లోపలుంది గదరా ఆమె. వింటది. నా కోసం ఇంత చాకిరీ ఏంది, ఇంత డీజిలు ఏంది, ఖాళీగానే పోదాం పా అంటది. ఆమె నోరు తెరిచి అన్నాక నేనెట్టా కాదనేది?" అన్నాడు. మళ్ళీ తాడు అందుకుని, "వాడు అక్క మీద ప్రేమతోటే అన్నాడ్లే. అననీ" అన్నాడు.

అప్పటికి నాకు పాతికేళ్ళు కూడా లేవు. ఎవరైనా నన్ను ఒక్క మాటంటే మూడు మాటలు అని గాని నిద్రపోని వాణ్ణి. ఒకరి సుఖం కోసం ఊరందరి చేతా మాట పడి, నిజం చేతిలో ఉంచుకుని కూడా నోరు విప్పని మనిషిని అంత దగ్గరగా చూసేసరికి నాకు భయం వేసింది. భక్తి కాదు, భయమే. అంత ఓర్పు మనవల్ల అయ్యే పని కాదని అప్పుడే తెలిసిపోయింది. ఇప్పటికీ అవ్వలేదు.

మార్గశిరం వచ్చేసరికి పిన్ని చిక్కి సగమైంది. ఎత్తి పడుకోబెట్టడానికి నలుగురు అక్కర్లేదు, బాబాయ్ ఒక్కడే ఎత్తుకునేవాడు. ఒక బుధవారం ఆసుపత్రి దగ్గర, ఆయన మందులు తేవడానికి వెళ్ళాడు. పిన్ని బండిలోనే పడుకుని ఉంది. నేను తలుపు దగ్గర నిలబడి ఈగలు తోలుతున్నాను.

"ఒరేయ్, ఇట్రా" అంది. దగ్గరికి వెళ్ళాను. "ఆ మూల విరిగిన బండ పోయేటప్పుడూ అదే, వచ్చేటప్పుడూ అదే. నన్ను ఎక్కించేటప్పుడు ప్రతిసారీ కనపడతానే ఉంది. ఎవుడికి అమ్ముతున్నాడురా మీ బాబాయ్?"

నేను బిక్కచచ్చిపోయాను. ఆమె నవ్వింది. నవ్వితే పళ్ళే కనిపిస్తున్నాయి.

"క్వారీ చేసేవాడి పెళ్ళాన్ని. ఖాళీ బండేందో, లోడు బండేందో నాకు తెలవదా? ఆయనకి మాత్రం చెప్పమాక."

"ఎందుకు పిన్నీ? తెలిస్తే సంతోషిస్తాడు" అన్నాను.

"మొదట్లో నిజంగానే నయంగా ఉండేదిరా. ఇప్పుడు లోడైనా ఒకటే, ఖాళీ అయినా ఒకటే. గాలి తగిలినా నొప్పే. నాకు తెలిసిందని తెలిస్తే, ఏమే, నొప్పి తగ్గిందా అని అడుగుతాడు. తగ్గలేదని ఎట్టా చెప్పేది? తగ్గిందని ఎట్టా చెప్పేది? అడక్కుండా ఉంటేనే బాగు." కాసేపు కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచింది. "ఆ రాళ్ళు పేర్చేటప్పుడన్నా కాసేపు ఈ బాధ మర్చిపోతాడు. పేర్చుకోనీ."

బాబాయ్ మందుల సంచితో వస్తూ దూరం నుంచే, "ఎట్టా ఉందే?" అన్నాడు. "రోడ్డు బాగా చేశార్లే. హాయిగా వచ్చా" అంది పిన్ని. నేను ఇంజను చూసే నెపంతో బండి ముందుకు వెళ్ళి, బానెట్టు ఎత్తి, దాని చాటున నిలబడ్డాను.

సంక్రాంతి నెలపట్టిన కొద్ది రోజులకే గుంటూరులోనే ప్రాణం పోయింది. తన మంచం మీద పోవాలన్న కోరిక తీరలేదు. మధ్యాహ్నం వేళ, మందు ఎక్కుతుండగానే పోయింది. ఆ రోజు పరిస్థితి బాగా లేదని కబురందుకుని అంకయ్య మామ బస్సెక్కి వచ్చాడు గానీ, అప్పటికే అంతా అయిపోయింది. అక్క కాళ్ళ మీద పడి పెద్దగా ఏడ్చాడు. బాబాయ్ ఏడవలేదు. దుప్పటి సర్ది, ఎప్పట్లాగే తనే ఎత్తుకొచ్చి పరుపు మీద పడుకోబెట్టాడు. తలగడ సరిచేశాడు.

అంకయ్య మామ తొట్టి వైపు చూసి, "ఇంకా ఈ రాళ్ళెందుకు? ఈడ పడేసి పోదాం. బండి తొందరగా పోద్ది" అని, ఎవరి జవాబూ వినకుండా తొట్టి తలుపు గొలుసు విప్పబోయాడు.

బాబాయ్ వచ్చి ఆ గొలుసు మీద చెయ్యి వేశాడు. "ఉండనీ అంకయ్యా" అన్నాడు. "ఖాళీ బండి కుదుపుద్ది. మీ అక్క తట్టుకోలేదు."

అంకయ్య మామ చెయ్యి గొలుసు మీదే ఆగిపోయింది. బండల వైపు చూశాడు, వాటి మధ్య వరిగడ్డి చూశాడు. బండి లోపల పడుకున్న అక్కను చూశాడు. తరవాత నా వైపు చూశాడు. నేను తలూపాను, అంతకన్నా నాకేం చేతకాలేదు. ఆయన బావ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ తరవాత, ఆ తెల్ల పంచె ఎగ్గట్టుకుని, తొట్టిలోకి ఎక్కి బండల మీద కూర్చున్నాడు.

"ముందు సీటు ఖాళీగా ఉంది, రా మామా" అన్నాను.

"నా బరువు కూడా ఉండనీ. నువ్వు పోనియ్" అన్నాడు.

ఆ బండల మీదే ఎండలో, దుమ్ములో, మా ఊరు దాకా కూర్చున్నాడు. లోపల బాబాయ్ ఆమె పక్కన కింద కూర్చుని, గుంట వచ్చినప్పుడల్లా ఆమె భుజం మీద చెయ్యి ఆనించి, "మెల్లగా అబ్బాయ్" అంటూనే ఉన్నాడు. చనిపోయిన మనిషి కోసం మెల్లగా పోవడం ఏమిటని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. అంత జాగ్రత్తగా నా జన్మలో మళ్ళీ బండి తోలలేదు.

తరవాత బాబాయ్ నాలుగైదేళ్ళు బతికాడు. క్వారీ నడిపాడనే గానీ, దాని మీద మనసు లేదు. నేను పెళ్ళి చేసుకుని నరసరావుపేట వచ్చేశాను. వెళ్ళినప్పుడల్లా అరుగు మీద కాసేపు కూర్చునేవాళ్ళం. మాటలు ఎప్పుడూ తక్కువే. చివరిసారి వెళ్ళినప్పుడు, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి అడిగాడు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. ఆ రాళ్ళెందుకో మీ పిన్నికి తెలుసంటావా?"

ఆయన నా వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ ఉన్నాడు. ఇన్నేళ్ళూ ఈ ఒక్క మాట కోసమే ఆగాడని అర్థమైంది.

"తెలియదు బాబాయ్. రోడ్డు బాగు చేశారనే అనుకుంది" అన్నాను.

"నయంగానే ఉన్నట్టుందా?"

"నయంగానే ఉందని చివరిదాకా అంది."

ఆయన ముఖంలో అప్పుడు కనిపించిన నిమ్మళం నేను మళ్ళీ ఎవరి ముఖంలోనూ చూడలేదు. "అది చాల్లే" అని, కండువాతో కళ్ళు తుడుచుకుని, కాఫీ తాగుతావా అని అడిగాడు. ఆ ఎండాకాలంలోనే పోయాడు. పిన్ని చెప్పొద్దని అడిగింది, బాబాయ్ నిజం చెప్పమని అడిగాడు. ఇద్దరి మాటా నిలబెట్టడం నావల్ల కాలేదు. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు తిరగేసి చూసుకున్నాను. ఆయన ఇప్పుడు వచ్చి నా పక్కన కూర్చుని మళ్ళీ అడిగినా, అదే చెబుతాను.